బావికో పలక

మార్కాపురం అనగానే నడివయసు దాటిన తెలుగువారికి గుర్తుకు వచ్చేది పలక. ఓనమాలు దిద్దుకున్న ఆ నల్లని రాతిపలక మా వైపు గనుల్లోంచి వచ్చిందే. కంభం అనగానే గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల నడుమ కట్టిన పెద్ద చెరువు గుర్తుకు వస్తుంది. గిద్దలూరు అంటే నల్లమల అడవీ, ఆ అడవిని చీల్చుకుని నంద్యాల వైపు పోయే రైలుబండీ. ఇవన్నీ పదిమందీ చెప్పుకునే సంగతులు. పదిమందీ చెప్పుకోని సంగతి మరొకటి ఉన్నది. వైద్యశాస్త్ర గ్రంథాలలో మా పడమటి ప్రకాశానికి ఒక శాశ్వత స్థానం ఉన్నది. అది మేము కోరి తెచ్చుకున్నది మాత్రం కాదు.

నీటివల్ల మనిషి ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్ అనే జబ్బును భారతదేశంలో మొదటిసారి గుర్తించి, లోకానికి వెల్లడించినది 1937లో. అప్పటి నెల్లూరు జిల్లా పడమటి భాగాన, దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలలో ఆ పరిశోధన జరిగింది. మార్కాపురం, గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఈ తాలూకాలన్నీ కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. జిల్లాల గీతలు ఎన్నిసార్లు మారినా కింద ఉన్న రాయి మారదు. ఆ రాతిలోంచి ఊరే నీరూ మారదు.

తెలుగు పాఠాలు చెప్పుకునే పంతులుకు ఎముకల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మాదీ ఒక విధంగా ఆ శాస్త్రమేనండీ. ఇద్దరు మనుషులు ఒకే సంగతిని రెండు భాషలలో చెప్పుకుంటూ, ఒకరి మాట ఒకరికి అందకపోతే ఏమవుతుందో చూడడం మా పని. ఈ నీళ్ళ కథలో ఆద్యంతమూ జరిగినది అదే.

ఎద్దు చెప్పిన మొదటి మాట

ఈ జబ్బును మొట్టమొదట పసిగట్టినది డాక్టర్లు కారు, రైతులు. కాడికి కట్టిన ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని వారు గమనించారు. దెబ్బ తగిలింది లేదు, మేతకు లోటు లేదు. అయినా ఎద్దు అడుగు వెయ్యదు. మరి కొన్నాళ్ళకు అదే బాధ మనుషులలోనూ కనిపించసాగింది. ముప్ఫై, నలభై ఏళ్ళ వయసుకే మెడ తిరగదు, నడుము వంగదు, వంగితే లేవదు.

రైతుకు ఎద్దు కుటుంబంలో మనిషి. దాని నడక మారితే ఇల్లాలికి సైతం తెలుస్తుంది. ఆ చూపులోంచి వచ్చిన మాట మెల్లగా మద్రాసు దాకా వెళ్ళింది.

మద్రాసులో గిండీ దగ్గర కింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఉన్నది. 1899లో స్థాపించారు. టీకాల మందు తయారీ, నీళ్ళ పరీక్ష అక్కడి పనులు. దానికి అప్పుడు డైరెక్టరు హెచ్.ఇ. షార్ట్ అనే సైనిక వైద్యుడు. కాలా అజార్ జ్వరంమీద పనిచేసినవాడు. తరువాత 1948లో గార్న్‌హామ్ అనే మరొక శాస్త్రజ్ఞుడితో కలిసి, మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాగి పెరుగుతుందని రుజువుచేసి ప్రపంచఖ్యాతి పొందాడు. ఆయనతో కలిసి పనిచేసినవారు ముగ్గురు: వైద్యుడు జి.ఆర్. మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు టి.డబ్ల్యు. బర్నార్డ్, ఎ.ఎస్. మన్నాడి నాయర్. వీరు నలుగురూ కలిసి మద్రాసు రాజధానిలోని ఈ జబ్బును గురించి 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్ పత్రికలో వ్యాసం ప్రకటించారు.

ఎక్స్‌రేలో ఆ ఎముకలు మామూలు కంటే దట్టంగా, తెల్లగా కనిపించాయి. ఎముకను ఎముకతో కలిపే నరాలవంటి పట్టీలు కూడా గట్టిపడి ఎముకలైపోయాయి. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుని వెన్ను ఒకే కర్రలాగా తయారయింది. దీనికంతకూ కారణం తాగే నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడ్ అని తేలింది.

ఒకే ఏడు, రెండు దేశాలు

కాకతాళీయం చూడండి. సరిగ్గా ఆ 1937లోనే డెన్మార్కులో కాజ్ రోహోల్మ్ అనే యువ వైద్యుడు ఫ్లోరిన్ విషాన్ని గురించి పెద్ద గ్రంథం ప్రకటించాడు. కోపెన్‌హేగన్ నగరంలో క్రయొలైటు అనే రాతిని పొడిచేసే కార్ఖానా ఒకటి ఉండేది. ఆ రాయి మంచు దేశమైన గ్రీన్‌లాండునుంచి ఓడలలో వచ్చేది. కూలీలకు ఆ దుమ్మువల్ల ఊపిరితిత్తులు పాడయ్యాయేమో చూద్దామని 1932లో ఎక్స్‌రేలు తీస్తే, డాక్టర్ల కళ్ళబడినది ఎముకలు. అవి దట్టంగా, తెల్లగా ఉన్నాయి. రాతిపొడి పీల్చిన కోపెన్‌హేగన్ కూలీకీ, బావి నీళ్ళు తాగిన పొదిలి రైతుకూ వెన్నెముక ఒకే తీరుగా బిగుసుకున్నదన్నమాట.

కానీ ఒక తేడా ఉన్నది. కార్ఖానా కూలీ పని మానితే దుమ్ము తప్పుతుంది. బావి నీళ్ళు తాగే మనిషి ఏమి మానాలి?

అక్కడ కలుపుతారు, ఇక్కడ తీస్తారు

ఇంతకు పూర్వమే అమెరికాలో మరొక కథ నడిచింది. కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో 1901లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు కొత్తగా వైద్యం పెట్టాడు. ఊళ్ళో పిల్లల పళ్ళమీద గోధుమరంగు మచ్చలు చూసి ఆశ్చర్యపోయాడు. కారణం వెతుకుతూ ముప్ఫై ఏళ్ళు గడిపాడు. చివరికి 1931లో అల్యూమినియం కంపెనీలో రసాయనికుడైన చర్చిల్ నీళ్ళను పరీక్షించి ఫ్లోరైడ్ అని తేల్చాడు.

ఈ పరిశోధనలోనే ఇంకొక సంగతి బయటపడింది: మచ్చలున్న పళ్ళు అంత తేలికగా పుచ్చిపోవడం లేదు. అయితే ఫ్లోరైడ్ కొద్దిగా ఉంటే మంచిదే కదా అనుకుని 1945 జనవరిలో మిషిగాన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ నగరపు నీళ్ళలో దానిని కొలిచి కలపడం మొదలుపెట్టారు. లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము. ప్రపంచంలో ఇట్లా కలిపిన మొదటి నగరం అదే.

చూశారా విచిత్రం! అదే వస్తువును అక్కడ కొలిచి కలుపుతారు; మా దగ్గర కొలిచి తీసెయ్యాలి. అయితే అమెరికా కొలత మనకు యథాతథంగా పనికివస్తుందా? చలిదేశపు పిల్లవాడు తాగే నీళ్ళెన్ని, చిత్రమాసం ఎండలో కంది కట్టె కొట్టే కూలీ తాగే నీళ్ళెన్ని? నీళ్ళు ఎక్కువ తాగితే అందులోని ఫ్లోరైడూ ఎక్కువే లోపలికి పోతుంది. ఈ తేడా అమెరికా వారికీ తమ ఎండ రాష్ట్రాలలో తెలిసివచ్చింది. ఎక్కడ ఎండ ఎక్కువో అక్కడ తక్కువ కలపాలని 1950 దాటిన రోజులలో లెక్కలు కట్టారు. 2015లో దేశమంతటికీ 0.7 మిల్లీగ్రాములు చాలునని నిర్ణయించారు.

మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సహించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు కూడా 1.5 మాత్రమే; దానినైనా ఆయా దేశాల ఎండనూ, అక్కడి జనం తాగే నీటినీ చూసి సవరించుకోమంటుంది.

ఒక ప్రశ్న, మూడు నీళ్ళు

ఈ మధ్యకాలంలో విశ్వవిద్యాలయాలలో ఒక కొత్త చదువు వచ్చింది. భిన్న సంస్కృతుల మనుషులు కలిసి ఒక పనిని నడిపించడం ఎట్లా అన్నది దాని విషయం. క్రాస్ కల్చరల్ మేనేజిమెంట్ అంటారు. హాలండు దేశపు గీర్ట్ హాఫ్‌స్టెడె అనే పండితుడు ఐ.బి.ఎం. కంపెనీవారి ఉద్యోగులు దేశదేశాలలో ఇచ్చిన జవాబులను పోల్చి 1980లో గ్రంథం రాసిన తరువాత ఈ చదువుకు గిరాకీ పెరిగింది. పెద్ద కంపెనీలు జపానులో ఎట్లా మెలగాలి, జర్మనీలో ఎట్లా మాట్లాడాలి అని దీనిద్వారా నేర్చుకుంటాయి. వీరంతా విమానమెక్కి దూరదేశాలు పోతున్నారు గాని, ఈ చదువుకు కావలసిన పాఠాలన్నీ మా ఊరి బోరింగు దగ్గరే ఉన్నాయి.

కాలేజీ పిల్లలను సేవాపథకం కింద ఏటా ఒక పల్లెకు తీసుకుపోతుంటాం. ఒకసారి మార్కాపురం, పొదిలి నడుమ ఒక చిన్న ఊళ్ళో దిగాం. పిల్లల చేతులలో అచ్చువేసిన ప్రశ్నల కాగితాలు. అందులో నాలుగో ప్రశ్న: "మీరు వాడే నీరు ఎక్కడిది?" ఎదురుగా ఒకే ఒక గడి. మా అమ్మాయి ఒకతె అరుగుమీద కూచున్న ముసలమ్మను అడిగింది.

"అవ్వా, మీరు వాడే నీళ్ళు ఎక్కడివి?"

"ఏ నీళ్ళు తల్లీ? తాగే నీళ్ళా, వండే నీళ్ళా, గొడ్ల నీళ్ళా?"

అమ్మాయి కాగితం కేసి చూసింది, నా కేసి చూసింది. అవ్వే మళ్ళీ చెప్పింది: "తాగేది టిన్ను నీళ్ళు, కొనుక్కుంటాం. పప్పుకీ అన్నానికీ ఆ వేపచెట్టు కాడి బోరింగు. అది పప్పు మెత్తంగ ఉడుకుద్ది. గుడి కాడి బావి నీళ్ళలో పప్పు ఉడకదు, అయి గొడ్లకి పోస్తాం. నీ కాయితంలో ఏది రాసుకుంటావో రాసుకో."

ఆ ఒక్క జవాబులో ఒక పరిశోధనకు సరిపడే సరుకున్నది. కాగితం తయారుచేసినవారికి నీరంటే ఒకటే. అవ్వకు మూడు. కాగితంలో "టిన్ను నీళ్ళు" అని రాసుకుని పోతే ఆ ఇంట్లో అందరూ శుభ్రమైన నీళ్ళు తాగుతున్నట్టే లెక్క తేలుతుంది. కాని అన్నంలో, పప్పులో, చారులో, కాఫీలో పోసేది బోరింగు నీరే కదా!

ఇక అవ్వ లెక్కలోనూ ఒక చిక్కున్నది. పప్పు ఉడకని నీళ్ళలో సున్నపు ధాతువు, అంటే కాల్షియం, ఎక్కువ. పప్పు మెత్తగా ఉడికే నీళ్ళలో అది తక్కువ, సోడా గుణం ఎక్కువ. ఫ్లోరైడుకు కాల్షియంతో జత కడితే అడుగున పడిపోయే స్వభావం ఉన్నది. కాల్షియం లేని, సోడా గుణంగల నీళ్ళలో అది హాయిగా కరిగి ఉండిపోతుంది. అందుకని నోటికి తియ్యగా ఉండి, పప్పు చక్కగా ఉడికించే బోరింగే ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరింగు కావచ్చు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, ఆ మోతాదులో రుచీ లేదు. నాలుకా, కుండా దానిని పట్టుకోలేవు.

అవ్వకు తెలిసినది పరిశోధకుడికి తెలియదు, పరిశోధకుడికి తెలిసినది అవ్వకు తెలియదు. ఇద్దరూ ఒక అరుగుమీద కూచుంటే తప్ప ఆ ఇంటి నీళ్ళ సంగతి పూర్తిగా తెలియదు.

మంచి సలహాలే, కాని...

ఒక మాట ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. నీళ్ళు కాచి చల్లార్చి తాగండని డాక్టర్లు చెప్పే సలహా కలరాకూ, విరేచనాలకూ చాలా మంచిది. క్రిములు చస్తాయి. కాని ఫ్లోరైడ్ చావదు. కాచినకొద్దీ నీరు ఆవిరైపోయి, మిగిలిన నీళ్ళలో అది మరింత చిక్కబడుతుంది. క్రిములకు చెప్పిన మందు దీనికి పనికిరాదు. ఈ తేడా చెప్పకపోతే, పాపం, ఇల్లాలు గ్యాసు ఖర్చుపెట్టి మరీ నీళ్ళు కాచి, ఇంటిల్లిపాదినీ కాపాడుకున్నానని సంతోషిస్తూ ఉంటుంది.

బోరింగుల కథ కూడా అటువంటిదే. 1970 దాటిన తరువాత ఊరూరా బోర్లు వేసి చేతి పంపులు బిగించారు. మెట్ల బావుల్లో దిగి నీళ్ళు ముంచుకునే రోజులలో నారికురుపు పురుగు కాళ్ళలోంచి బయటికి వచ్చేది. కలరా ఊళ్ళను తుడిచిపెట్టేది. ఆ పంపులు లక్షల ప్రాణాలు కాపాడాయి. నారికురుపు చివరి రోగి మన దేశంలో కనిపించినది 1996లో. 2000లో దేశానికి ఆ పీడ వదిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. అది చిన్న విజయం కాదు. అయితే నేల అడుగున రాతి పొరలలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు ఆ రాతిలోని ఫ్లోరైడును కరిగించుకుని ఉంటుంది. మా వైపు వాన అంతంతమాత్రం. పైనుంచి కొత్త నీరు దిగి కలిసేది తక్కువ. ఒక జబ్బునుంచి తప్పించుకోవడానికి తవ్విన గొట్టంలోంచి మరొక జబ్బు పైకి వచ్చింది.

కంచంలో ఉన్న సంగతి

ఒకే బావి నీళ్ళు తాగినవారిలో ఒకరికి నడుము బిగుసుకుపోతుంది, ఒకరు నిక్షేపంగా తిరుగుతారు. ఇదెందుకని? ఈ ప్రశ్న పట్టుకున్నవారు మహారాష్ట్రుడైన సి.జి. పండిట్, ఆయనతోపాటు రాఘవాచారి, సుబ్బారావు, కృష్ణమూర్తి. 1940లో వారు ప్రకటించిన పరిశోధన, ఎముకల బాధ తీవ్రంగా ఉన్నది పేదలలో, చాలీచాలని తిండి తినేవారిలో అని తేల్చింది. ముఖ్యంగా సి విటమిను లోపం ఉన్నచోట బాధ ఎక్కువ. ఈ పండిట్‌గారే తరువాత భారత వైద్య పరిశోధన మండలికి మొదటి డైరెక్టరు అయ్యారు.

అంటే దోషం నీటిది మాత్రమే కాదు, కంచానిది కూడా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ దారిని చాలా దూరం తీసుకుపోయింది. 1973లో కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతపు కుర్రవారిలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకునే వైకల్యాన్ని గురించి లండనులోని లాన్సెట్ పత్రికలో రాశారు. ఎదిగే వయసులో వచ్చే ఈ వంకర 1937 నాటి వర్ణనలకు భిన్నమైనది. 1977లో అదే సంస్థవారు, జొన్న తినేవారి శరీరంలో వరి తినేవారికంటే ఎక్కువ ఫ్లోరైడ్ నిలిచిపోతున్నట్టు చూపించారు.

ఇది చదివి జొన్నరొట్టె మానెయ్యకండి సుమా! జొన్నతోపాటు పాలూ, మజ్జిగా, ఆకుకూరలూ దండిగా ఉంటే ఆ మాట వేరు. ఉత్త జొన్నసంగటీ, పచ్చిమిరపకాయ కారమూ మాత్రమే ఉన్న కంచం గురించే మన బెంగ.

2002లో ఆ సంస్థ శాస్త్రజ్ఞులు ఇంకొక ముచ్చటైన సంగతి ప్రకటించారు. బడిపిల్లలకు భోజనంతోపాటు కొన్నాళ్ళు చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రంద్వారా బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది! చింతపండు మందు అని ఎవరూ అనలేదు. ఎముకల్లో చేరి గట్టిపడినదానిని పులుసు కరిగించదు. కాని మద్రాసునుంచి ఎక్స్‌రే యంత్రంతో మొదలైన శాస్త్రం మన చారు గిన్నె దగ్గరికి రావడానికి 65 ఏళ్ళు పట్టింది. ఈ వంటింటిని ఎవరైనా ముందే అడిగి ఉంటే బాగుండేది కదా అనిపిస్తుంది.

పటిక, సున్నం, ఓపిక

జబ్బుకు మందు లేదు. బిగిసిన వెన్నును విప్పే వైద్యం ఇంతవరకు రాలేదు. ఉన్నదల్లా నీటిని మార్చడమే. నాగపూరులోని నీరీ అనే జాతీయ పరిశోధన సంస్థ 1970 దాటిన రోజులలో ఒక తేలిక మార్గం కనిపెట్టింది. నీళ్ళలో సున్నమూ, పటికా, కాస్త బ్లీచింగు పౌడరూ వేసి బాగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచాలి. మడ్డితోపాటు ఫ్లోరైడ్ అడుగుకు చేరుతుంది. పైన తేరుకున్న నీరు వంచుకోవాలి. ఫ్లోరైడుకు బలైన నల్లగొండ పేరుమీదుగా దీనికి నల్లగొండ పద్ధతి అని పేరు వచ్చింది. ఈ పద్ధతిలో ఊరంతటికీ నీరిచ్చే మొదటి కేంద్రం 1980లో అనంతపురం జిల్లా కదిరిలో మొదలైంది. ఆఫ్రికా దేశాలలోనూ దీనిని ప్రయోగించారు.

రసాయనశాస్త్రం దృష్టిలో ఇది చక్కని పద్ధతి. మరి ఇంటింటా ఎందుకు నిలవలేదు? ఒక ఇల్లాలి దృష్టితో చూడండి. పటిక ఎంత వెయ్యాలన్నది బావిని బట్టి మారుతుంది, కాలాన్ని బట్టి మారుతుంది. తక్కువైతే పని జరగదు, ఎక్కువైతే నీళ్ళు వగరు. రోజూ తూచాలి, కలపాలి, కాచుకుని కూచోవాలి. అడుగు మడ్డిలో ఫ్లోరైడ్ ఉన్నది కాబట్టి దానిని గొడ్లు ముట్టనిచోట పారబొయ్యాలి. పొద్దున్నే కూలికి పోయే మనిషికి ఇదంతా ఎప్పుడు తీరుతుంది? పటిక అయిపోతే తెచ్చేదెవరు, డబ్బిచ్చేదెవరు? తరువాత వచ్చిన అల్యూమినా వడపోత యంత్రాలకూ ఇదే గతి. కొన్ని నెలలకొకసారి అందులోని మందును కడిగి మళ్ళీ పదును చెయ్యాలి. ఆ పని ఎవరిది అన్న ప్రశ్న దగ్గర యంత్రం ఆగిపోతుంది.

ఇప్పుడు వీధివీధినా ఇరవై లీటర్ల టిన్నులు వచ్చాయి. ఆర్.ఓ. యంత్రం ఫ్లోరైడును బాగానే తీస్తుంది. దానితోపాటు మన ఎముకలకు కావలసిన కాల్షియాన్నీ తీసేస్తుంది. చాలా నీటిని వృథాగా వదిలేస్తుంది. పైగా కొనగలిగినవారు కొంటారు, కొనలేనివారు బోరింగు కొడతారు. 1940లో పండిట్‌గారు చెప్పిన మాట మళ్ళీ మొదటికి వచ్చిందన్నమాట.

పళ్ళూ, పెళ్ళిళ్ళూ

నేను వైద్యుడిని కాను. తరగతి గదిలో కనిపించేది మాత్రం చెప్పగలను. మా ఆడపిల్లలు కొందరు నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఎంత బాగా పద్యం చదివే పిల్లవాడైనా వేదికమీద పెదవులు పూర్తిగా విప్పడు. గారపళ్ళు అని చిన్నప్పటినుంచీ వెక్కిరింపు. పళ్ళు తోముకోరని పొరుగూరివారు అనుకుంటారు. పెళ్ళిచూపులలో కొందరు పైకి అనకపోయినా లోపల అనుకుంటారు.

పాఠకులలో తల్లులు ఎవరైనా ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ మచ్చ పళ్ళు తోమకపోవడంవల్ల వచ్చింది కాదు. పన్ను చిగురులో తయారవుతున్నప్పుడే, ఎనిమిదేళ్ళలోపు తాగిన నీటివల్ల లోపల పడిన మచ్చ అది. ఎంత తోమినా పోదు. పిల్లవాడిని తిట్టకండి, ఆ ఇంటి నీటిని పరీక్షించండి. మచ్చ ఒక హెచ్చరిక. తమ్ముడికో చెల్లెలికో ఎనిమిదేళ్ళు నిండేలోగా నీరు మారిస్తే వారి పళ్ళయినా దక్కుతాయి, ముందుముందు వెన్నూ దక్కుతుంది.

ఇంట్లో చెయ్యదగినవి కష్టమైనవేమీ కావు. తాగే నీరొక్కటే గాక వంట నీరూ మంచిదై ఉండాలి. పాలు, మజ్జిగ, రాగి, నువ్వులు, మునగాకు, ఉసిరి, జామ - ఇవి పిల్లల కంచంలో ఉండాలి. పిల్లలకు టీ అలవాటు చెయ్యకండి. తేయాకులోనూ ఫ్లోరైడ్ ఉన్నది. మిద్దె ఉన్నవారు వాన నీటిని శుభ్రంగా పట్టి దాచుకోగలిగితే అందులో ఫ్లోరైడ్ బెడద ఉండదు.

కొండ కింది నీరు

అసలు పరిష్కారం పైనుంచి పారే నీరు. కంభం చెరువును గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని మా వైపు ప్రతీతి. వాననీటిని ఆపితే చాలు, రాతిలోంచి తోడనక్కరలేదన్న తెలివి ఆనాటివారికే ఉన్నది. శ్రీశైలం జలాశయంనుంచి కృష్ణనీటిని నల్లమల కింద సొరంగాలద్వారా తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. పద్దెనిమిది కిలోమీటర్ల పైబడిన రెండు సొరంగాలను తవ్వడం 2024 నాటికి పూర్తయింది. పునాదిరాయికీ సొరంగానికీ నడుమ ఒక తరం పిల్లలకు పళ్ళు వచ్చి, మచ్చలు పడి, వారు పెద్దవారై, తల్లిదండ్రులయ్యారు.

పెద్ద పనులు పెద్దవారు చెయ్యాలి. కాని నీరు వచ్చేలోగానూ, వచ్చిన తరువాతనూ మన చేతిలో ఉన్న పని ఒకటున్నది.

2019లో మొదలైన జలజీవన్ పథకంలో ఊరికి ఐదుగురు ఆడవారికి నీళ్ళ పరీక్ష నేర్పించాలన్నారు. చిన్న పెట్టె, కొన్ని సీసాలు. కొలిచిన నీళ్ళలో మందు చుక్కలు వేస్తే రంగు తేలుతుంది. ఆ రంగును అట్టమీది రంగులతో పోల్చితే ఫ్లోరైడ్ ఎంతో తెలుస్తుంది. కింగ్ ఇన్‌స్టిట్యూట్ దాకా సీసా పంపి జవాబు కోసం కాచుకునే రోజులు పోయాయి. ఈ ఏర్పాటులో నాకు నచ్చినది పరికరం కాదు, దానిని పట్టుకునే చెయ్యి. మూడు నీళ్ళ తేడా తెలిసిన చేతికే ఆ నాలుగో తేడా కూడా తెలుస్తుంది. పప్పు ఉడికే బోరింగు ఏదో, అందులో ఫ్లోరైడ్ ఎంతో - రెండూ ఒకే మనిషికి తెలిసిననాడు వంటకు ఏ నీళ్ళు పొయ్యాలో ఎవరూ వచ్చి చెప్పనక్కరలేదు.

పరీక్ష ఫలితం ఆఫీసు పుస్తకంలోనే ఉండిపోతే లాభం లేదు. నా మనవి ఒక్కటే. పలకలకు పేరుపొందిన నేల మాది. ప్రతి బావికీ, ప్రతి బోరింగుకూ ఒక మార్కాపురం పలక తగిలించండి. దానిమీద తెలుగులో రెండే మాటలు రాయండి: పరీక్ష చేసిన తేదీ, ఫ్లోరైడ్ అంకె. అంకె ఒకటిన్నర దాటితే కింద ఇంకొక మాట: "తాగడానికీ, వంటకూ వద్దు." ఎండకాలం వస్తే నీళ్ళు మారతాయి, అంకె మారుతుంది; తుడిచి మళ్ళీ రాయవచ్చు. పలకకున్న సుగుణమే అది. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు బడికి పోతూ దానిని పైకి చదివితే, బిందె పట్టుకుని నిలుచున్న తల్లికి వినబడుతుంది.